చుక్కాని ఒక అమానత్

తెలుగు పత్రికల్లో పనిచేసేవాళ్లకు 'చుక్కాని' అనే మాటతో తరచూ పని పడుతుంది. ఫలానా పార్టీకి చుక్కాని లేదని రాస్తాం. కుటుంబానికి చుక్కాని లాంటి పెద్దాయన వెళ్లిపోయాడని రాస్తాం. మాటలో 'చుక్క' వినబడుతుంది కాబట్టి నక్షత్రాన్ని చూసి నడిపేది అని అర్థం చెప్పాలనిపిస్తుంది. హకీకత్ వేరు. ఓడ వెనక నీళ్లలో ఉండి దాన్ని ఇటూ అటూ తిప్పే పలకను అరబీలో 'సుక్కాన్' అంటారు. ఆ సుక్కానే తమిళంలో చుక్కాన్ అయింది, తెలుగులో చుక్కాని అయింది. ఉర్దూ మీడియం బడిలో మేం చదువుకున్న మాట మాత్రం 'పత్వార్'. అరబీ మాట ఉర్దూ పాఠంలో కాకుండా తెలుగు పాఠంలో దొరకడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

ఇదొక్కటే కాదు. లంగరు ఫార్సీ మాట. మచిలీపట్నాన్ని బందరు అంటున్నామంటే, ఫార్సీలో రేవుకు ఉన్న పేరుతో ఊరిని పిలుస్తున్నామన్నమాట. గోదావరి లాంచీ నడిపే సరంగు ఫార్సీ 'సర్‌హంగ్' వారసుడు. మరోవైపు ఓడ, పడవ, తెడ్డు, తెరచాప ఈ నేల మాటలే. ఒకే ఓడ మీద రెండు జబాన్ల వాళ్లు కలిసి పనిచేస్తేనే మాటలు ఇలా కలుస్తాయి. కుతుబ్‌షాహీల కాలంలో బందరు నుంచి ఓడలు అటు పెగూ, అచే దాకా, ఇటు ఎర్ర సముద్రం దాకా వెళ్లేవి. ఎర్ర సముద్రం వెళ్లే ఓడల్లో గోల్కొండ బట్టలతో పాటు హాజీలూ ఉండేవారు.

ఇవాళ మన పిల్లలు మళ్లీ చుక్కాని పడుతున్నారు, కానీ వేరే హోదాలో. గల్ఫ్‌లో, యూరప్‌లో ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్లు సెలవులకు తుర్కీ వెళ్లి, మర్మరిస్‌లోనో గోజెక్‌లోనో తెరచాప పడవను వారం రోజులకు కిరాయికి తీసుకుంటున్నారు. నడిపేవాడు లేకుండా ఖాళీ పడవను అప్పగించే పద్ధతిని 'బేర్‌బోట్ చార్టర్' అంటారు. నడిపే అర్హత ఉందని సర్టిఫికెట్ చూపించాలి, సంతకం పెట్టాలి. అంతే, పడవ మీ చేతికొస్తుంది. ముందు ఒక చక్రం, దాని చుట్టూ అరడజను తెరలు, మీటలు. వెనక కూర్చున్నది మీ బీవీ బచ్చే.

ఆ చక్రానికీ ఆ తెరలకూ ఒక తారీఖ్ ఉంది. అందులో చాలా భాగం మన పెద్దలది. దాన్ని గర్వం కోసం తెలుసుకున్నా తప్పులేదు. నాకు మాత్రం అది హిఫాజత్ కోసం చదవాల్సిన తారీఖ్‌లా కనబడుతుంది.

చెప్పేవాడు ఒకడు, తిప్పేవాడు ఒకడు

అక్బర్ కాలంలో అబుల్ ఫజల్ రాసిన 'ఆయినె అక్బరీ'లో మీర్ బహ్రీ శాఖ గురించి ఒక భాగం ఉంది. అందులో ఓడ మీద పనిచేసేవాళ్లను పన్నెండు రకాలుగా చెప్పాడు. నాఖుదా ఓడకు యజమాని లాంటివాడు, సఫర్ ఎటో నిర్ణయించేవాడు. ముఅల్లింకు సముద్రంలో లోతు ఎక్కడో, మెరక ఎక్కడో తెలియాలి, నక్షత్రాల ఇల్మ్ ఉండాలి. ఓడను ఆపద నుంచి తప్పించి గమ్యం చేర్చే జిమ్మేదారీ ఆయనదే. సుక్కాన్‌గీర్ చుక్కాని పట్టేవాడు, ముఅల్లిం చెప్పినట్టు తిప్పేవాడు. పంజరీ స్తంభం పైనుంచి చూస్తూ నేల కనబడినా, మరో ఓడ కనబడినా, తుఫాను వస్తున్నా కేకవేసేవాడు. లోపలికి చేరిన నీళ్లు తోడి పోయడానికి కూడా ప్రత్యేకంగా మనుషులుండేవారు.

ముఅల్లిం అంటే నేర్పేవాడు. మదరసాలో సబక్ చెప్పే ఆయనకూ, సముద్రం మీద దారి చెప్పే ఆయనకూ ఒకే పేరు పెట్టారు. దారి తెలిసినవాడు ఉస్తాద్ అనీ, చుక్కాని పట్టినవాడు ఆయన మాట వినే షాగిర్ద్ అనీ ఆ పేరులోనే ఉంది. సుక్కాన్‌గీర్, సుక్కానీ అన్న పేర్లు తర్వాత ఇంగ్లీషువాళ్ల నోట్లో 'సీకన్నీ' అయ్యాయి. కంపెనీ ఓడల మీద లస్కర్లతో పని చేయించుకోవాలంటే వాళ్ల మాటలు రావాలి కదా. అందుకే థామస్ రోబక్ అనే సైనికాధికారి 1811లో ఇంగ్లీషు, హిందుస్తానీ నావిక నిఘంటువు ఒకటి అచ్చువేశాడు.

ఇంకా ఆరు వందల ఏళ్లు వెనక్కి వెళ్దాం. 10వ శతాబ్దపు భౌగోళిక పండితుడు అల్ ముఖద్దసీ ఎర్ర సముద్రంలో ఓడ ఎలా నడిచేదో కళ్లకు కట్టాడు. అక్కడ నీళ్లలో కనబడని రాళ్లెక్కువ. కెప్టెన్ పైన కూర్చుని సముద్రాన్నే చూస్తుంటాడు. అటూ ఇటూ ఇద్దరు కుర్రాళ్లు నిలబడి ఉంటారు. రాయి కనబడగానే ఆయన కుడి అనో ఎడమ అనో అరుస్తాడు. ఆ కుర్రాళ్లు అదే మాటను మళ్లీ అరుస్తారు. చుక్కాని దగ్గరున్నవాడి చేతుల్లో రెండు తాళ్లుంటాయి. విన్న మాట ప్రకారం ఏదో ఒకటి లాగుతాడు. ఆ జాగ్రత్త తప్పితే ఓడ రాయికి తగిలి ముక్కలవుతుందని కూడా ఆయన చెప్పాడు.

చెప్పిన మాటను తిరిగి పలకడం అనే ఆ ఆనవాయితీ ఇప్పటికీ పెద్ద ఓడల మీద ఉంది. ఆజ్ఞ ఇవ్వగానే చక్రం పట్టినవాడు దాన్ని బిగ్గరగా తిరిగి చెప్పి, తర్వాతే తిప్పుతాడు. కిరాయి పడవలో నలుగురే ఉన్నా ఈ అలవాటు మానకూడదు. గాలి హోరులో 'కుడి' అన్నది వినబడిందో లేదో తిరిగి చెబితే గానీ తెలియదు.

కర్ర నుంచి చక్రానికి

బగ్దాద్ చిత్రకారుడు యహ్యా అల్ వాసితీ 1237లో 'మఖామాతె హరీరీ' ప్రతికి బొమ్మలు వేశాడు. అందులో ఒక ఓడ ఉంది. దాని వెనక మధ్యలో చుక్కాని స్పష్టంగా కనబడుతుంది. చుక్కానికి తగిలించిన కర్రను ఇప్పటి పడవలవాళ్లు టిల్లర్ అంటారు. దాని స్వభావం వింతగా ఉంటుంది. కర్రను కుడికి తోస్తే పడవ ముక్కు ఎడమకు తిరుగుతుంది. ఎడమకు తోస్తే కుడికి.

చక్రం ఓడల మీదికి వచ్చింది 18వ శతాబ్దం మొదట్లోనే. చక్రం మన కారు స్టీరింగ్ లాంటిదే, ఎటు తిప్పితే పడవ అటే. కానీ అలవాట్లు పరికరాలంత త్వరగా మారవు. చక్రాలొచ్చి రెండు వందల ఏళ్లయినా ఇంగ్లీషు ఓడల మీద ఆజ్ఞలు కర్ర లెక్కలోనే నడిచాయి. కుడి అని అరిస్తే కర్ర కుడికని అర్థం, అంటే ఓడ ఎడమకు వెళ్లాలి. 1912లో టైటానిక్ మంచుకొండను చూసినప్పుడు ఇచ్చిన ఆజ్ఞ కూడా అలాంటిదే. మాట కుడి, ఓడ తిరిగింది ఎడమకు. 1930ల మొదట్లో అంతర్జాతీయ ఒప్పందం ద్వారా ఈ గందరగోళానికి ముగింపు పలికారు. అప్పటి నుంచి కుడి అంటే ఓడ కుడికే.

నేర్చుకునేవాళ్లకు ఇది ముఖ్యం. చిన్న పడవలో కర్రతో నేర్చుకుని, కిరాయి పడవలో చక్రం పట్టినవాడి చేయి కంగారులో పాత వైపే కదులుతుంది. అందుకే రేవు దాటగానే విశాలమైన చోట నాలుగు మలుపులు తిప్పి చూడాలి. చక్రం ఆ చివర నుంచి ఈ చివరకు ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టాలి. చుక్కాని సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు చక్రంలో పైకి వచ్చే ఆకుకు తాడుతో ఒక ముడి చుట్టి ఉంటుంది. చీకట్లో కూడా చేత్తో తడిమి తెలుసుకోవడానికి అది. తలపాగాలా ఉంటుందని యూరప్ నావికులు ఆ ముడికి 'టర్క్స్ హెడ్', తుర్కువాడి తల, అని పేరు పెట్టారు.

సుక్కాన్‌గీర్‌కు తెలిసిన ఇంకో సంగతి ఏ తెర మీదా కనబడదు. చుక్కాని పక్క నుంచి నీళ్లు పారుతుంటేనే అది పనిచేస్తుంది. పడవ ఆగిపోతే చక్రం ఎంత తిప్పినా లాభం లేదు. వెనక్కి నడిపేటప్పుడు నీళ్లు చుక్కానిని తిరగేసి తోస్తాయి. చక్రం చేతిలోంచి గుంజుకుని గిర్రున తిరుగుతుంది, వేళ్లు విరిగే ప్రమాదం ఉంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకోవాలి, నెమ్మదిగా పోవాలి. చక్రానికీ చుక్కానికీ మధ్య ఉండే తీగ తెగితే వాడుకోవడానికి పడవలో ఒక అత్యవసర టిల్లర్ ఉంటుంది. అది ఎక్కడుందో, ఎలా బిగించాలో బయల్దేరే ముందే ఒకసారి బిగించి చూడాలి. వాసితీ బొమ్మలోని కాలపు కర్ర ఇప్పటికీ ఆఖరి ఆసరా అన్నమాట.

నీళ్లలో ఇనుప చేప

దిల్లీలో ఇల్తుత్‌మిష్ కాలంలో ముహమ్మద్ అవ్ఫీ అనే అదీబ్ 'జవామి ఉల్ హికాయాత్' అనే పెద్ద కథల సంపుటి కూర్చాడు. అందులో ఒక సముద్ర సఫర్ కథ ఉంది. తుఫానులో దారి తప్పినప్పుడు కెప్టెన్ చేప ఆకారంలో ఉన్న బోలు ఇనుప ముక్కను తీసి నీళ్ల పళ్లెంలో వదిలాడు. అది తిరిగి తిరిగి ఖిబ్లా వైపు ఆగింది. అయస్కాంతంతో రుద్దిన ఇనుము అది. ఇస్లామీ ప్రపంచపు రచనల్లో కుతుబ్‌నుమా గురించి దొరికే తొలి ప్రస్తావనల్లో ఇదొకటి, అదీ హిందుస్తాన్ గడ్డ మీద రాసింది. అదే శతాబ్దంలో బైలక్ అల్ ఖిబ్జాఖీ అనే ఆయన 1242లో షామ్ సముద్రంలో నీళ్ల మీద తేలే సూదిని చూశానని రాస్తూ, హిందూ మహాసముద్రం నావికులు చేపలాంటి ఇనుప ముక్కను వాడతారని చెప్పాడు.

కుతుబ్‌నుమాకు కరెంటు అక్కర్లేదు, శాటిలైట్ అక్కర్లేదు. అందుకే ఎన్ని తెరలున్నా ఇప్పటికీ చక్రం ముందు ద్రవంలో తేలే కంపాస్ తప్పకుండా ఉంటుంది. దానికి ఒకే బలహీనత, పక్కన ఇనుమో అయస్కాంతమో ఉంటే సూది పక్కకు లాగబడుతుంది. పూర్వం అది కత్తి, మేకు. ఇప్పుడు అది మొబైల్ ఫోను, బ్లూటూత్ స్పీకరు, మూతకు అయస్కాంతం ఉన్న ఫోను కవరు. చక్రం పక్కనున్న చిన్న అరలో ఫోను పడేయడం ఎంత సహజమో, అది కంపాస్‌ను తప్పుదారి పట్టించడం అంత సులువు.

కమాల్, దాని ముడులు

అరబ్ ముఅల్లింల చేతిలో ఉండే పరికరం 'కమాల్'. చూడ్డానికి ఏమీ లేదు. అరచేతిలో ఇమిడే చెక్క పలక, దాని మధ్య నుంచి ఒక దారం, దారానికి ముడులు. దారాన్ని పళ్ల మధ్య పట్టుకుని, పలక కింది అంచు సముద్రపు అంచుకు, పై అంచు ధ్రువ నక్షత్రానికి తగిలేలా ముందుకు జరపాలి. ఏ ముడి దగ్గర సరిపోయిందో చూస్తే నక్షత్రం ఎంత ఎత్తులో ఉందో తెలుస్తుంది. ధ్రువ నక్షత్రాన్ని వాళ్లు 'జాహ్' అనేవారు. కొలత 'ఇస్బా', అంటే వేలు. ఒక ఇస్బా దాదాపు 1.6 డిగ్రీలు. మూడు గంటల ప్రయాణాన్ని 'జామ్' అనేవారు. ఎనిమిది జామ్‌లు నేరుగా ఉత్తరానికి నడిస్తే జాహ్ ఒక ఇస్బా పైకి లేస్తుందని లెక్క.

ఈ ఇల్మ్‌ను పుస్తకంగా రాసినవాళ్లలో అందరికంటే పెద్ద పేరు అహ్మద్ ఇబ్ను మాజిద్. ఇప్పటి రాసల్ ఖైమా దగ్గరి జుల్ఫార్ ఆయన ఊరు. తండ్రీ తాతా కూడా ముఅల్లింలే. 1490 ప్రాంతంలో ఆయన రాసిన 'కితాబుల్ ఫవాయిద్'లో నక్షత్రాలు, దిక్కులు, గాలుల రుతువులు, తీరాల గుర్తులు, ముఅల్లిం పాటించాల్సిన నియమాలు అన్నీ ఉన్నాయి. ధ్రువ నక్షత్రం సరిగ్గా ధ్రువం మీద ఉండదనీ, దాని చుట్టూ తిరుగుతుందనీ, ఆ తేడాను సవరించాకే కొలతను నమ్మాలనీ వాళ్లకు బాగా తెలుసు. ఆ రోజుల్లో ఆ తేడా సుమారు మూడున్నర డిగ్రీలు. సవరించకుండా లెక్కేస్తే ఓడ రేవుకు రెండు వందల మైళ్ల అవతల తేలుతుంది.

వాస్కో డ గామాకు దారి చూపింది ఇబ్ను మాజిదేనని మన సభల్లో కొందరు బాధగా, కొందరు గొప్పగా చెబుతుంటారు. ఆ మాటకు మూలం 16వ శతాబ్దంలో మక్కాలో ఉన్న కుతుబుద్దీన్ నహర్వాలీ రాసిన తారీఖ్. ఇప్పటి చరిత్రకారులు దాన్ని ఒప్పుకోవడం లేదు. పోర్చుగీసు చరిత్రకారుడు బారోస్ ఆ దారి చూపినవాడు గుజరాతీ ముస్లిం అని రాసి, పేరు 'మాలెమో కానా' అని ఇచ్చాడు. మాలెమో అంటే మన ముఅల్లిమే. 1498 ఏప్రిల్ 24న మలిందీలో బయల్దేరిన ఓడలు మే 20 నాటికి కాలికట్ దగ్గరికి చేరాయి. గామా తన అస్త్రోలాబ్‌ను గొప్పగా చూపిస్తే ఆ ముఅల్లిం ఏమాత్రం ఆశ్చర్యపోలేదనీ, తాము వాడే చెక్క పలకల పరికరాన్ని తీసి చూపించాడనీ బారోస్ రాశాడు.

కమాల్ స్థానంలో ఇప్పుడు చార్ట్‌ప్లాటర్ ఉంది. శాటిలైట్ల లెక్కతో పడవ ఎక్కడుందో రంగుల పటం మీద చూపిస్తుంది. ఇంత సులువైన వస్తువు ఎలా మోసం చేస్తుందో చెప్పడానికి 2014 నవంబర్ 29 రాత్రి చాలు. ప్రపంచాన్ని చుట్టే వోల్వో ఓషన్ రేసులో కేప్‌టౌన్ నుంచి అబూ ధాబీ వెళ్తున్న 'టీం వెస్టాస్ విండ్' పడవ మారిషస్ ఉత్తరాన కార్గాడోస్ కరాజోస్ పగడపు దిబ్బలకు నేరుగా వెళ్లి గుద్దుకుంది. నడిపేవాళ్లు అనాడీలు కారు, ప్రపంచ స్థాయి నావికులు. ఎలక్ట్రానిక్ పటాన్ని దూరం నుంచి చూస్తే ఆ దిబ్బలు సరిగ్గా కనబడవు, దగ్గరికి జూమ్ చేస్తేనే కనబడతాయి. ఆ జూమ్ చేయలేదు. అల్లాహ్ దయవల్ల తొమ్మిది మందీ ప్రాణాలతో బయటపడ్డారు. వెళ్లే దారిని మొదటి నుంచి చివరి దాకా దగ్గరి చూపులో వేలితో జరుపుతూ చూడాలన్నది ఆ రాత్రి నేర్పిన సబక్.

లోతుకూ గాలికీ రెండో గవాహ్

ముఅల్లింలు జాహ్ ఒక్కదాన్నే నమ్మి రేవుకు పోలేదు. నక్షత్రం లెక్క ఉత్తర దక్షిణాలు చెబుతుంది గానీ తూర్పు పడమరలు చెప్పదు. అందుకని తీరం దగ్గరపడే కొద్దీ సీసపు గుండు కట్టిన తాడు వదిలి లోతు చూసేవారు, కొలత 'బా', అంటే చాచిన రెండు చేతుల వెడల్పు. నీళ్ల రంగు, పక్షులు, నీటి పాములు, కొండల ఆకారం గమనించేవారు. ఒకటి చెప్పినదాన్ని రెండోది తస్దీక్ చేయాలి. మన దగ్గర నికాహ్‌కు ఇద్దరు గవాహ్‌లు కావాలి, అప్పు పత్రానికి ఇద్దరు గవాహ్‌లు కావాలి. సముద్రం మీద ఓడ ఎక్కడుందో తేల్చడానికి కూడా వాళ్లు అదే పద్ధతి పాటించారు.

కిరాయి పడవలో దీనికి ఒక చక్కటి మిసాల్ ఉంది. లోతు చూపే తెర మీద '3.0' అని పడింది అనుకోండి. మూడు మీటర్లు దేని నుంచి? కొన్ని పడవల్లో నీటి పైభాగం నుంచి. కొన్నింట్లో పడవ అడుగున వేలాడే కీల్ కింది నుంచి. కొన్నింట్లో ఆ రెండింటికీ మధ్య ఎక్కడో అమర్చిన పరికరం నుంచి. నలభై అడుగుల పడవకు నీళ్లలో దిగే భాగమే సుమారు రెండు మీటర్లుంటుంది. కీల్ కింద మూడు మీటర్లయితే హాయిగా పోవచ్చు. నీటి పైనుంచి మూడయితే కింద మిగిలింది ఒక్క మీటరే. అంకె ఒకటే, హకీకత్ వేరు. అప్పగించేవాళ్లను అడగాలి. అడిగి ఊరుకోకుండా రేవులోనే ఒక తాడుకు బరువు కట్టి వదిలి, తెర చెప్పిన అంకెతో పోల్చి చూడాలి. ఇబ్ను మాజిద్ కాలపు సీసపు గుండు ఎలక్ట్రానిక్ పరికరానికి గవాహ్‌గా నిలుస్తుందన్నమాట.

గాలి సంగతీ అంతే. రుతువును బట్టి గాలి మారడం మీదే ఆ కాలపు తిజారత్ అంతా నడిచింది. అరబీ 'మౌసిం' నుంచే ఇంగ్లీషు 'మాన్సూన్' పుట్టింది. ఏ రేవులో ఏ రోజుల్లో బయల్దేరాలో, ఏ రోజు దాటితే రేవు మూసినట్టో ముఅల్లింల పుస్తకాల్లో ఉంటుంది. ఇప్పటి పడవలో స్తంభం కొనన ఒక పరికరం గాలి వేగం కొలుస్తుంది. అది చాలాసార్లు చూపేది పడవకు తగిలే గాలిని, అసలు గాలిని కాదు. పదహారు నాట్ల గాలి వీపు మీద వీస్తుంటే, పడవ అదే వైపు ఆరు నాట్ల వేగంతో పోతుంటే తెర మీద పదే కనబడుతుంది. హాయిగా ఉందనిపిస్తుంది. మలుపు తిరిగి గాలికి ఎదురెళ్లగానే అంకె ఇరవై దాటుతుంది, పడవ ఒక పక్కకు ఒరుగుతుంది, వంటగదిలో చాయ్ గిన్నె బోర్లా పడుతుంది. అందుకే తెరచాప ముడిచి చిన్నది చేయాలా అన్న ఆలోచన మొదటిసారి మనసులోకి రాగానే ముడిచేయాలని అనుభవజ్ఞులు చెబుతారు.

ఇజారా షరతు

ఓడను కిరాయికి తీసుకోవడం కొత్త సంగతి కాదు. 10వ శతాబ్దంలోనే ఓడల కిరాయి గురించీ, దాని మీద వచ్చే తగాదాల గురించీ 'కితాబ్ అక్రియతుస్సుఫున్' అనే ఫిఖ్ గ్రంథం వచ్చింది. మాలికీ ఫుకహా ఫత్వాలు అందులో ఉన్నాయి. తుఫానులో సరుకు సముద్రంలో పారేస్తే నష్టం ఎవరిది, ఎలా పంచుకోవాలి వంటి మసాయిల్ దాని విషయం.

తెలుగులో కూడా వాడుకలో ఉన్న 'ఇజారా' ఫిఖ్ మాటే. అద్దెకు తీసుకున్న వస్తువు తీసుకున్నవాడి చేతిలో అమానత్ అని ఫుకహా చెబుతారు. దానంతటది పాడయితే అతని మీద తావాన్ లేదు. హద్దు మీరి వాడినా, జాగ్రత్త చూడకపోయినా తావాన్ కట్టాలి. వాడటం తెలియకుండా వాడటం ఆ రెండో కోవలోకి రాదా అన్నది నా సవాల్. పడవ ధరకు బీమా ఉంటుంది. అందులో కూర్చున్న మనుషులు ఎవరి అమానత్?

మా ఖాలా కొడుకు ఒకడు దుబాయ్‌లో ఉంటాడు. పోయినేడు పడవ నడపడం నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. "భాయ్‌జాన్, పడవ అప్పగించేటప్పుడు ఒక్కోదాని మీద చేయి పెట్టి చూడమన్నాడు మా ఉస్తాద్, వినడం కాదు" అన్నాడు ఫోన్‌లో. అతను పంపిన జాబితాలో నాకు ముఖ్యమనిపించినవి ఇవి.

ఇంజన్ మీట మధ్యలో ఉంటే న్యూట్రల్. ముందు నుంచి వెనక్కి మార్చేటప్పుడు మధ్యలో ఒక క్షణం ఆపాలి. ఇంజన్ మొదలవగానే పొగ గొట్టం నుంచి నీళ్లు పడుతున్నాయా అని వంగి చూడాలి. పడకపోతే చల్లబరిచే నీళ్లు తిరగడం లేదని అర్థం, వెంటనే ఆపాలి. ఇంజన్ ఆపే పద్ధతి పడవ పడవకూ వేరుగా ఉంటుంది. అది మొదలుపెట్టే ముందే తెలిసి ఉండాలి.

ఆటోపైలట్ చక్రాన్ని తనే తిప్పుతుంది, కానీ ఎదురుగా ఉన్న చేపల వలను చూడలేదు. దాన్ని వదిలించే 'స్టాండ్‌బై' బటన్ ఎక్కడుందో పడవలో పెద్దవాళ్లందరికీ తెలియాలి. లేకపోతే ఆపద వేళ చక్రంతో కుస్తీ పట్టాల్సి వస్తుంది.

వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ చానల్ ఆపదలో పిలవడానికి. ఎర్ర మూత కింద ఉన్న బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే ఆపద సంకేతం వెళ్తుంది. మనిషి నీళ్లలో పడితే చార్ట్‌ప్లాటర్‌లో 'ఎంఓబీ' బటన్ నొక్కాలి, ఆ చోటు గుర్తుండిపోతుంది. ఒకరు వేలు చూపిస్తూ పడినవాడి మీద నుంచి కళ్లు తిప్పకుండా నిలబడాలి. తెర ఒక గవాహ్, ఆ కళ్లు రెండో గవాహ్.

ఇవన్నీ తెలిసినవాడు ఒక్కడే ఉంటే సరిపోదు. ఆ ఒక్కడే నీళ్లలో పడితే? బీవీకీ, ఎదిగిన పిల్లలకీ కనీసం రేడియో, ఇంజన్ ఆపడం, తెరచాప దించడం నేర్పి బయల్దేరాలి. ఆయినె అక్బరీ ఓడలో పన్నెండు రకాల మనుషులున్నారు. కిరాయి పడవలో ఆ పన్నెండు పనులూ నలుగురి మధ్యే పంచుకోవాలి.

అబ్‌హారా నేర్పిన సబర్

10వ శతాబ్దపు నావికుడు బుజుర్గ్ ఇబ్ను షహ్రియార్ కూర్చిన 'అజాయిబుల్ హింద్'లో అబ్‌హారా అనే కెప్టెన్ కథ ఉంది. కిర్మాన్ వాడు. మొదట గొర్రెలు కాశాడు, తర్వాత చేపలు పట్టాడు, తర్వాత చీనా వెళ్లే ఓడలో ఖలాసీ అయ్యాడు, చివరికి కెప్టెన్ అయ్యాడు. ఒకసారి చీనా దారిలో ఒక ఓడకు ఆయన సముద్రం మధ్యన చిన్న పడవలో ఒంటరిగా కనబడ్డాడు. ఓడ ఎక్కమంటే, నడిపే అధికారం నాకిస్తేనే, పైగా వెయ్యి దీనార్లు ఇస్తేనే ఎక్కుతానన్నాడు. ఎక్కగానే బరువైన సరుకంతా సముద్రంలో పారేయించాడు, పెద్ద స్తంభం నరికించాడు. వ్యాపారులకు గుండె తరుక్కుపోయి ఉంటుంది. కానీ ఆ తర్వాత వచ్చిన తుఫానులో ఆ ఓడే నిలిచింది.

ఆయన దగ్గర వాళ్లకు లేని పరికరమేమీ లేదు. ఆ సముద్రాన్ని ముందు చూసి ఉండటం, పోగొట్టుకోవాల్సింది వేళకు పోగొట్టుకోగలగడం ఆయన తజుర్బా. కిరాయి పడవలో దానికి సమానమైనది చాలా చిన్నది. వాతావరణం బాగోలేదని తెలిస్తే ఆ రోజు రేవులోనే ఉండిపోవడం. కట్టిన డబ్బు పోతుంది, పిల్లలు మొహం ముడుచుకుంటారు. పోనివ్వండి.

నీళ్ల మీద ఏం జరుగుతుందో మనకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల పర్యాటకుల బోటు మునిగి పదుల మంది ప్రాణాలు పోయాయి. నదైనా సముద్రమైనా, నడిపేది మనమైనా మరొకరైనా, లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉందా, మూతి బిగించి ఉందా అని బయల్దేరే ముందే చూసుకోవడం ప్రతి ఇంటి పెద్ద బాధ్యత. ఒంటెను కట్టేశాకే తవక్కుల్ అన్న సబక్ మనందరికీ చిన్నప్పుడే చెప్పారు.

నేర్చుకోవాలనుకునే పిల్లలు తుర్కీ దాకా వెళ్లాల్సిన పనిలేదు. ఇబ్రాహీం కులీ కుతుబ్ షా కాలంలో తవ్వించిన మన హుస్సేన్ సాగర్ మీద ఇవాళ చిన్న తెరచాప పడవలు తిరుగుతున్నాయి, పోటీలు జరుగుతున్నాయి, బస్తీల పిల్లలు కూడా నేర్చుకుంటున్నారు. ఆ పడవల్లో తెరలూ చక్రాలూ ఉండవు. ఒక కర్ర, ఒక తాడు, చెంపకు తగిలే గాలి. కర్రను కుడికి తోస్తే ముక్కు ఎడమకు తిరుగుతుందని అక్కడ చేతికి అర్థమైపోతుంది. సుక్కాన్‌గీర్ షాగిర్దీ మొదలవ్వాల్సింది అక్కడే. తెరల సంగతి తర్వాత చూసుకోవచ్చు.